అమృతం ఒక్కడు, నటులు ముగ్గురు: శివాజీరాజా నుంచి హర్షవర్ధన్ దాకా

సినిమా నటుణ్ణి చూడాలంటే ప్రేక్షకుడు టికెట్టు కొనుక్కుని హాలుకు వెళ్తాడు. టెలివిజన్ నటుడు మాత్రం వారానికోసారో, రోజూనో తానే ప్రేక్షకుడి ఇంట్లోకి వస్తాడు. ఈ రాకపోకల వల్ల అతడికి దక్కే చనువు గొప్పదే అయినా, ఆ చనువు చాలాసార్లు నటుడి పేరుకు కాక పాత్ర పేరుకు దక్కుతుంది కనుక, టెలివిజన్ నటుడి వృత్తి జీవితాన్ని అతడొక్కడి కథగా చెప్పడం కష్టం. భీమవరానికి చెందిన శివాజీరాజా నటజీవితం, అందులోనూ ‘అమృతం’ ధారావాహికతో ఆయనకున్న సంబంధం, ఈ విషయాన్ని స్పష్టంగా చూపిస్తుంది.

శివాజీరాజా వెండితెరకు పరిచయమైన చిత్రం 1988 నాటి ‘కళ్లు’. గొల్లపూడి మారుతీరావు నాటకం ఆధారంగా, ఛాయాగ్రాహకుడు ఎం.వి.రఘు దర్శకత్వంలో, అంధులైన యాచకుల జీవితం మీద తీసిన ఈ చిత్రమే చిదంబరం అనే మరో నటుడికి ‘కళ్లు చిదంబరం’ అన్న పేరును శాశ్వతం చేసింది. ఆ తరువాత శివాజీరాజా తెలుగు సినిమాల్లో స్నేహితుడిగా, బంధువుగా, హాస్యానికి తోడుగా సహాయ పాత్రలెన్నో పోషించారు. సహాయ నటుడికి తెరమీద చిక్కే సమయం తక్కువ కనుక, వచ్చిన రెండు మూడు సన్నివేశాల్లోనే మనిషి స్వభావాన్ని నిలబెట్టవలసి ఉంటుంది. ఈ నేర్పే బుల్లితెరకు వచ్చేసరికి పెట్టుబడి అవుతుంది.

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైనా, నటననే నమ్ముకుని టెలివిజన్‌లో బతకగలిగే పరిస్థితి 1995లో ఈటీవీ, జెమినీ వంటి ఉపగ్రహ చానళ్లు వచ్చాకనే విస్తృతంగా ఏర్పడింది. ‘లిటిల్ సోల్జర్స్’ చిత్రంతో పేరు తెచ్చుకున్న కాకినాడ వాసి గుణ్ణం గంగరాజు రూపొందించిన ‘అమృతం’, 2001 నవంబరు 18న జెమినీ టీవీలో ప్రారంభమై, 2007 నవంబరు 18 వరకు 313 భాగాలుగా సాగింది. చకచకా డబ్బు గడించాలన్న ఆశతో ‘అమృత విలాస్’ అనే హోటల్ పెట్టిన అమృతం అనే అమృతరావు, అతని మిత్రుడు అంజి అనే ఆంజనేయులు, వాళ్ల భార్యలు, అద్దె కోసం వెంటపడే ఇంటి యజమాని అప్పాజీ, హోటల్లో పనిచేసే సర్వం ఇందులోని ముఖ్యులు.

ఇటువంటి ధారావాహికను సిట్‌కామ్, అంటే సందర్భ హాస్యం అంటారు. పాత్రలూ పరిసరాలూ మారవు; వారానికొక కొత్త చిక్కు వస్తుంది, ఆ చిక్కు సాధారణంగా ఆ వారమే తేలిపోతుంది. డబ్బు తెచ్చిపెడుతుందనుకున్న ఆలోచనొకటి పుట్టడం, దానికి అమృతం తలూపడం, వ్యవహారం బెడిసికొట్టే వేళకు అప్పాజీ గుమ్మంలో నిలబడడం వంటి వరుస ప్రేక్షకుడికి ముందే తెలుసు. ఏం జరుగుతుందో తెలిసినచోట నవ్వు పుట్టేది కథలోని మలుపు వల్ల కాదు. ఎదుటివాడి మాట విన్న క్షణానికీ జవాబు చెప్పే క్షణానికీ మధ్య ముఖంలో కదిలే ఆశ, అనుమానం, బెదురు వల్ల.

మొదట శివాజీరాజా పోషించిన అమృతం పాత్ర తరువాత నరేష్‌కు, ఆపైన హర్షవర్ధన్‌కు వెళ్లింది. నరసాపురంలో పుట్టిన దర్శకుడు జంధ్యాల ‘నాలుగు స్తంభాలాట’, ‘శ్రీవారికి ప్రేమలేఖ’ వంటి చిత్రాల్లో నరేష్‌లోని హాస్యాన్ని అప్పటికే వెలికితీసి ఉన్నారు. హర్షవర్ధన్ తరువాతి కాలంలో ‘మనం’ వంటి చిత్రాలకు మాటల రచయితగానూ గుర్తింపు పొందారు. ముగ్గురి రూపం వేరు, వయసు వేరు, మాట తీరు వేరు. అయినా జనం ముగ్గురినీ అమృతంగానే ఒప్పుకున్నారు. పాత్ర అద్దె ఇల్లు వంటిదైతే, అందులో దిగిన ప్రతివాడూ సామాను తనకు తోచినట్టు సర్దుకున్నాడే గాని, గోడల జోలికి పోలేదు.

ఆ గోడలు నిలబడడానికి కారణం చుట్టూ ఉన్నవారు. అంజిగా గుండు హనుమంతరావు, అప్పాజీగా శివన్నారాయణ, సర్వంగా వాసు ఇంటూరి స్థిరంగా ఉండబట్టే కొత్త అమృతం తేలికగా ఇమిడిపోయాడు. చుట్టూ ఉన్న బృందం చెదరకుంటే, కథానాయకుణ్ణి మార్చి కూడా హాస్యాన్ని నిలుపుకోవచ్చని ‘అమృతం’ రుజువు చేసింది.

రోజువారీ ధారావాహికల్లో పరిస్థితి మరో రకంగా ఉంటుంది. అక్కడ రోజుకొక భాగం ప్రసారం కావాలి కనుక చిత్రీకరణ వేగంగా సాగుతుంది. సహాయ దర్శకుడు పక్కనుంచి సంభాషణ అందిస్తుంటే నటులు పలుకుతారు, వినిపించే గొంతు తరువాత డబ్బింగులో చేరుతుంది. కన్నడ నటీమణులు పలువురు తెలుగు ధారావాహికల్లో రాణించడానికి ఈ పద్ధతి వీలు కల్పించింది. హాస్యానికి మాత్రం ఈ ఏర్పాటు అంతగా పొసగదు. విరుపూ సాగదీతా సంభాషణతోపాటే, అదే మనిషి నోట రావాలి. అందుకే మాట తీరుతో నవ్వించగల గోదావరి జిల్లాల నటులకు హాస్యంలో ఎప్పుడూ గిరాకీ ఉంది.

తెర వెలుపలి విషయానికొస్తే, శివాజీరాజా 2017లో మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్‌కు అధ్యక్షుడైనప్పుడు ప్రధాన కార్యదర్శి మరెవరో కాదు, నరేషే. 2019 ఎన్నికల్లో వీరిద్దరూ అధ్యక్ష పదవికి పోటీపడగా నరేష్ గెలిచారు. ఒకే పాత్రను పంచుకున్న ఇద్దరు ఒకే పదవికి తలపడడం యాదృచ్ఛికమే కావచ్చు గాని, నటుల జీవితంలో సంఘం ఎంత ముఖ్యమో అది గుర్తు చేస్తుంది. నెల జీతం లేని ఈ వృత్తిలో, అవకాశాలు తగ్గిన వృద్ధ కళాకారులకు పింఛను వంటి ఆసరా సంఘం వల్ల అందుతుంది.

గుండు హనుమంతరావు 2018 ఫిబ్రవరిలో కన్నుమూశారు. 2020 ఉగాదికి జీ5లో ‘అమృతం ద్వితీయం’ ఆరంభమైనప్పుడు, కోనసీమలోని నేదునూరుకు చెందిన ఎల్.బి.శ్రీరామ్ అంజి పాత్రను స్వీకరించారు. అమృతం మారినప్పుడు బృందం అతణ్ణి నిలబెట్టింది; అంజి మారినప్పుడు హర్షవర్ధన్, శివన్నారాయణ, వాసు ఇంటూరి అదే పని చేశారు. టెలివిజన్ నటుడి ప్రతిభను అతడొక్కడి హావభావాలతోనే తూచకుండా, పక్కవాడికి అతడెంత ఆసరా ఇస్తున్నాడన్నది కూడా చూడాలనడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ తెలుగు బుల్లితెరలో దొరకడం అరుదు.