ధన్‌కుల్ పాటను వెబ్‌సైట్‌లో పెట్టాలంటే

కుదురు మీద మట్టికుండ, కుండ మూతిపై చేట, చేటకు ఆనించిన విల్లు. ఆ విల్లుకున్న గాట్ల మీద వెదురు పుల్లతో గీస్తే గరగరమనే లయ పుడుతుంది, దానికి కుండ లోతునిస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో గురుమాయిలు అనే గాయనులు ఈ ధన్‌కుల్ వాయిస్తూ హల్బీ భాషలో జగార్ కథాగీతాలు పాడతారు. వరితో ముడిపడిన లక్ష్మీ జగార్ రోజుల తరబడి సాగుతుంది.

ఇలాంటి పాటను వెబ్‌సైట్ ద్వారా నేర్పాలనుకునే సంగీత ఉపాధ్యాయులు ముందుగా తెలుసుకోవలసింది ఒకటుంది. కంప్యూటర్‌కు నాదమైనా, అక్షరమైనా అంకెలే. ఆ అంకెలు వేసే తీరులో తేడా వస్తే పాటలో కొంత భాగం పోతుంది, అదీ చాలాసార్లు ఎవరూ గమనించకుండానే.

బస్తర్‌కు ఫోన్‌లో పాట కొత్త కాదు. 2010లో మొదలైన సీజీనెట్ స్వర ద్వారా ఛత్తీస్‌గఢ్ ఆదివాసులు మామూలు ఫోన్ నుంచే తమ వార్తలు, సమస్యలు, పాటలు రికార్డు చేశారు. చదువు, ఇంటర్నెట్ లేనివారికి అది గొప్ప వెసులుబాటు. అయితే సాధారణ ఫోన్ కాల్ సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్‌ల మధ్య ధ్వనినే మోసుకెళ్తుంది. మాట అర్థం కావడానికి అది చాలు. ధన్‌కుల్‌కు చాలదు. 300 హెర్ట్జ్ కంటే దిగువన ఉండే గంభీరమైన ధ్వని, పుల్ల గీతలోని సన్నని పదును రెండూ రాలిపోతాయి.

దీని వెనక ఉన్నది నైక్విస్ట్ సూత్రం. సెకనుకు ఎన్ని నమూనాలు తీస్తే, అందులో సగం హెర్ట్జ్‌ల లోపు ధ్వనే పట్టుబడుతుంది. ఫోన్ తీసేది 8,000 నమూనాలు, కాబట్టి పరిమితి 4,000 హెర్ట్జ్. సీడీ తీసేది 44,100. అందుకే మనిషి చెవి వినగలిగే 20,000 హెర్ట్జ్‌ల వరకు అందులో ఇముడుతుంది.

నాణ్యతకు ధర ఉంది. సీడీ నాణ్యతలో అయిదు నిమిషాల స్టీరియో పాట వేవ్ ఫైలుగా దాదాపు 53 మెగాబైట్లు. అదే 128 కిలోబిట్ల ఎంపీ3 అయితే అయిదు మెగాబైట్ల లోపే. నెట్ నత్తనడక నడిచే చోట వినేవారికి ఎంపీ3యే మేలు. కానీ చెవికి అంతగా తెలియదనుకున్న వివరాలను పారేసే పద్ధతి అది, పారేసినవి తిరిగి రావు. ఎంపీ3ని దిద్ది మళ్లీ ఎంపీ3 చేయడం జిరాక్స్ కాపీకి జిరాక్స్ తీసినట్టే. అసలు రికార్డింగును వేవ్‌గానో, ఏమీ పోగొట్టకుండా కుదించే ఫ్లాక్‌గానో దాచి, దాని నుంచే వెబ్ ప్రతి తయారుచేయాలి.

సాహిత్యం సంగతి మరో చిక్కు. పాత డీటీపీ ఫాంట్లతో టైపు చేసిన తెలుగు వేరే కంప్యూటర్‌లో పిచ్చిగీతలుగా కనిపించడం చాలామందికి అనుభవమే. కాగితం ఫొటో తీసి పెట్టినా అంతే, వెతికితే దొరకదు. దీనికి మందు ప్రతి అక్షరానికీ ఒకే సంఖ్య కేటాయించే యూనికోడ్.

బస్తర్‌లోని మరో ప్రధాన భాష గోండి విషయంలో ఈ మందు ఆలస్యంగా అందింది. ఆ భాషను ఛత్తీస్‌గఢ్‌లో దేవనాగరిలో, ఆదిలాబాద్ వైపు తెలుగు లిపిలో రాస్తారు. సొంత లిపులూ ఉన్నాయి. 1918లో మంగళ్‌సింగ్ మసారాం రూపొందించిన లిపి 2017లో, ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలోని రాతప్రతుల ద్వారా వెలుగులోకి వచ్చిన లిపి 2018లో యూనికోడ్‌లో చేరాయి. రెండింటికీ ఉచిత నోటో ఫాంట్లున్నాయి.

అయినా ఒక మెలిక మిగిలింది. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి మూడు బైట్లు చాలు, ఈ గోండి లిపులకు నాలుగు కావాలి. చాలా వెబ్‌సైట్లు వాడే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ‘యూటీఎఫ్8’ అన్న పాత అమరిక మూడు బైట్లే పట్టగలదు. అందుకే తెలుగు చక్కగా కనిపించే సైటులోనే గోండి పాట సగంలో తెగిపోవచ్చు, అసలు చేరకనూ పోవచ్చు. అక్కడ ‘యూటీఎఫ్8ఎంబీ4’ అమరిక ఎంచుకోవాలి. పాటలన్నీ ఎక్కించకముందే ఒక్క గోండి పాదం దాచి, వేరే ఫోన్‌లో తెరిచి చూస్తే విషయం తేలిపోతుంది.