ఎండిన నేలయందు రేడియో ఎర్తు

మన అనంతపురము సీమయందు ఏటి సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేసవిలో నాగలికి లొంగని యీ యెఱ్ఱనేల అమెచ్యూర్ రేడియోకును చిక్కు తెచ్చును. 7 మెగాహెర్ట్జులపై దూరమునుండి వచ్చు సన్నని పిలుపును బోరుబావి స్టార్టరు, నాసిరకపు ఎల్.ఇ.డి. దీపము, ఛార్జరు పుట్టించు గరగరధ్వని మ్రింగివేయును.

మొదట రేడియోను బ్యాటరీపై నడిపి, ఇంటి మెయిను స్విచ్చి నాపి వినవలయును. ధ్వని యాగినచో దోషము మనయింటనే యున్నది. ఒక్కొక్క పరికరమును మరల వేయుచు దొంగను పట్టవచ్చును.

రెండవది ఎర్తు. తడిలేని మట్టి విద్యుత్తును సులువుగా పోనీయదు. కావున లోతైన గోతిలో కడ్డీ నిలిపి, బొగ్గును ఉప్పును పొరలుగా నింపి, వేసవిలో తఱచుగా నీరు పోయవలయును. పాత్రలు కడిగిన నీరైనను చాలును. ఈ కడ్డీని ఇంటి ఎర్తుతో కలుపవలయును. విడిగా నుంచిన పిడుగువేళ ప్రమాదము. ఈ పని తెలిసిన ఎలక్ట్రీషియనుచేతనే చేయింపవలయును.

మూడవది కవచము. లోహము చుట్టిన గదిలోనికి వెలుపలి విద్యుత్ప్రభావము రాదని 1836లో మైకేల్ ఫారడే చూపెను. రేడియోను లోహపు పెట్టెలో నుంచి, కేబులు పైనల్లికను పెట్టెకు బిగించిన నదియే ఫలము. అయినను ఏరియలు స్వయముగా పట్టుకొను ధ్వనిని కవచ మాపలేదు. ఏరియలును ఇంటికి దూరముగా కట్టవలయును.

ఇది వినోదమునకే కాదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినపుడు పోర్టుబ్లెయిరులోనున్న అమెచ్యూర్ రేడియోవారే బంధువుల క్షేమవార్తలను దేశమున కందించిరి. ఆపదలో నున్నవాని గొంతు సన్నగానే వినబడును. విద్యార్థులారా, దానిని వినుటకై ముందుగా మన గరగరను మాన్పుకొందము.