కొక్కెం లేవాలంటే

తమిళనాడులోని ఆరణి ఊళ్లో మగ్గం ముందు కూర్చుని తలెత్తితే జకార్డు పెట్టె కనిపిస్తుంది. దానికి గొలుసులా కుట్టిన అట్టలు వేలాడుతుంటాయి. కాలితో తొక్కగానే ఒక అట్ట వచ్చి సూదుల వరసకు ఆనుతుంది. ఎదురుగా చిల్లు ఉన్న సూది అందులోకి దూరిపోతుంది, దాని కొక్కెం నిటారుగా నిలుస్తుంది. చిల్లు లేనిచోట అట్ట సూదిని వెనక్కి నెడుతుంది, కొక్కెం పక్కకు ఒరుగుతుంది. అప్పుడు ఇనుప పట్టీలు పైకి లేస్తాయి. నిటారుగా ఉన్న కొక్కేలే వాటికి తగులుకుని తమ పడుగు పోగుల్ని లేపుతాయి.

చిల్లూ ఉండాలి, పట్టీ లేవాలి. ఒకటి తప్పినా పోగు కదలదు. ప్రోగ్రామింగ్ పాఠంలో 'అండ్' అంటే ఇదే. లేచిన పోగు కిందుగా వెళ్లిన జరీ దాక్కుంటుంది, లేవని పోగు మీదుగా వెళ్లిన జరీ పైకి మెరుస్తుంది. పోగు లేవకపోవడమే పువ్వయిందన్నమాట. అది 'నాట్'.

కొత్తవాళ్లు తడబడేది 'ఆర్' దగ్గర. "కాఫీయా, టీయా?" అంటే ఏదో ఒకటే అడగాలి. కంప్యూటర్ 'ఆర్' అలాంటిది కాదు. "రేషన్ కార్డు గానీ, ఆధార్ గానీ తెండి" అంటామే, ఆ 'గానీ' అది. రెండూ తెచ్చినవాళ్లను ఎవరూ వెనక్కి పంపరు.

మగ్గం మీది ఈ జకార్డు పెట్టె 1804లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో రూపు దిద్దుకుంది. అయితే ఘనతంతా జోసెఫ్ మరీ జకార్డుదే కాదు, 1725లోనే బసీల్ బూషోన్ చిల్లుల కాగితంతో పోగుల్ని ఎంచాడు. 1839లో జకార్డు రూపాన్నే దాదాపు 24,000 అట్టలతో పట్టు మీద నేశారు. తన లెక్కల యంత్రాన్ని అట్టలతోనే నడపాలని తలపోసిన చార్లెస్ బాబేజ్ ఆ బొమ్మ ఒకటి తెప్పించుకున్నాడు. ఇక అండ్, ఆర్, నాట్‌ల సంగతికొస్తే, 1847లో గణితవేత్త జార్జి బూల్ తర్కాన్ని బీజగణితంలా రాశాడు. 1937లో క్లాడ్ షానన్ ఆ బీజగణితాన్ని స్విచ్చుల్లో చూపించాడు: ఒకదాని వెనక ఒకటి కలిపితే 'అండ్', పక్కపక్కన కలిపితే 'ఆర్'. 1967లో హైదరాబాద్‌లో శాస్త్రవేత్త ఏ.ఎస్. రావు నాయకత్వంలో మొదలైన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ తయారుచేసిన టీడీసీ కంప్యూటర్లలో నడిచిందీ ఈ తర్కమే.

నేత ఇళ్ల పిల్లలు కంప్యూటర్ క్లాసులో ఈ మూడు మాటలకు బెదిరితే నాకు బాధగా ఉంటుంది. మీ ఇంట్లో మగ్గం ఉంటే, కోడ్ రాయించే ముందు వాళ్లను దాని పక్కన నిలబెట్టి ఆ సూదుల వరస చూపించండి.