జీపు పైపు లోపలి నుంచే ముసలిదవుతుంది

శ్రీ సత్యసాయి జిల్లా నల్లమాడ నుంచి కదిరి వైపు పోయినా, బుక్కపట్నం వైపు పోయినా ఎండాకాలం మధ్యాహ్నం బానెట్ ఎత్తి పెట్టిన పాత జీపు ఒకటి రోడ్డు పక్కన కనబడడం మామూలే. డ్రైవరు దగ్గర్లో బోరు ఆడుతున్న తోటకు బిందె పట్టుకుని పోయి ఉంటాడు. ఆ బిందెడు నీళ్లతో బండి ఆ పూటకు ఇల్లు చేరుతుంది. కానీ రేడియేటర్లోకి పోసిన ఆ బోరు నీళ్లే మళ్లీ ఇంకోసారి బండిని రోడ్డు మీద నిలబెడతాయి. ఇంజను నుంచి రేడియేటర్‌కు, రేడియేటర్ నుంచి ఇంజనుకు నీళ్లు మోసే నల్లటి రబ్బరు పైపులను అవి లోపలి నుంచి తినేస్తాయి. పిస్టన్లకూ గేరు బాక్సుకూ ఇచ్చే శ్రద్ధలో పదో వంతు కూడా ఈ పైపులకు ఎవరూ ఇవ్వరు. నిజానికి బండిలో అన్నిటికంటే తక్కువ ఖర్చుతో అన్నిటికంటే పెద్ద నష్టాన్ని ఆపేది ఇవే.

ఇంజనులో డీజిలు మండితే పుట్టే శక్తిలో దాదాపు మూడో వంతు మాత్రమే బండిని నడుపుతుంది. ఇంకో మూడో వంతు పొగతో సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. మిగిలిన వేడిలో ఎక్కువ భాగం నీళ్లలోకి దిగుతుంది. ఆ నీళ్లు రేడియేటర్ దాకా పోయి చల్లబడి తిరిగి రావాలి. రేడియేటర్ చాసిస్‌కు బిగించి ఉంటుంది, ఇంజను మాత్రం రబ్బరు మౌంటింగుల మీద ఊగుతూ ఉంటుంది. గుండ్రాళ్లు తేలిన మన దారుల్లో ఆ ఊపు ఇంకా ఎక్కువ. రెండింటి మధ్య ఇనుప గొట్టం పెడితే వారానికే విరుగుతుంది. అందుకే అక్కడ వంగగలిగిన గొట్టం కావాలి.

వంగే గొట్టం కోసం మనిషి వెతుకులాట మోటారు బండి కంటే చాలా పాతది. 1670ల్లో ఆమ్‌స్టర్‌డామ్ చిత్రకారుడు యాన్ వాన్ డెర్ హైడెన్ తన సోదరుడితో కలిసి మంటలార్పే యంత్రానికి తోలుతో గొట్టం కుట్టాడు. రబ్బరు అప్పటికి పనికొచ్చే సరుకు కాదు. ఎండకు జిగటగా మారేది, చలికి పెళుసుగా పగిలేది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరుకు గంధకం కలిపి వేడి చేస్తే అది గట్టిపడి, సాగి, మళ్లీ తన రూపానికి వస్తుందని కనిపెట్టాడు. 1844లో దానికి పేటెంట్ వచ్చింది. బ్రిటన్‌లో థామస్ హాన్‌కాక్ అదే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. 1876లో హెన్రీ విక్‌హామ్ బ్రెజిల్ నుంచి తెచ్చిన రబ్బరు గింజలు లండన్ దగ్గరి క్యూ తోటలో మొలకెత్తి ఆసియాకు చేరాయి. మన దేశంలో తోటగా రబ్బరు పెంపకం 1902లో కేరళలోని తట్టేకాడు దగ్గర మొదలైంది.

ఆ మధ్యకాలంలో మోటారు బండి వచ్చింది. తొలి బండ్లలో నీళ్లు మరిగి ఆవిరైపోతుంటే మళ్లీ మళ్లీ పోసుకోవాల్సి వచ్చేది. 1901 మెర్సిడెస్ బండికి విల్హెల్మ్ మైబాఖ్ వేలకొద్దీ సన్న గొట్టాలతో తేనెపట్టు రేడియేటర్ చేసిన తర్వాత ఒకే నీటిని తిప్పి తిప్పి వాడుకోవడం సులువైంది. ఫోర్డ్ మోడల్ టి బండ్లలో చాలావాటికి నీటి పంపే లేదు. వేడి నీళ్లు పైకి, చల్ల నీళ్లు కిందికి అన్న సహజ గుణం మీదే అవి నడిచాయి. పంపు చేరాక వేగం పెరిగింది, మూతతో ఒత్తిడి పెంచాక పైపు పని మరింత కష్టమైంది.

ఆ మూత సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. నల్లమాడ ప్రాంతం సముద్ర మట్టానికి సుమారు అర కిలోమీటరు ఎత్తున ఉంది. ఇక్కడ తెరిచిన గిన్నెలో నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. రేడియేటర్ మూత స్ప్రింగుతో నీళ్లను అదిమి పట్టి, ప్రెషర్ కుక్కర్‌లో లాగే, మరిగే స్థానాన్ని పైకి నెడుతుంది. చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి నిలిపే మూత ఉంటే దాదాపు 120 డిగ్రీల దాకా నీళ్లు మరగవు. పాత జీపుల మూతలు అంతకంటే తక్కువ ఒత్తిడివి. పైపు చిట్లగానే ఆ ఒత్తిడి ఒక్కసారిగా పోతుంది, అప్పటిదాకా నెమ్మదిగా ఉన్న నీళ్లు ఆ క్షణమే కుతకుతలాడతాయి. ఆవిరి హెడ్డులోకి చేరుతుంది, గ్యాస్కెట్ పోతుంది, హెడ్డు వంకర పోతుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. టెంపరేచర్ మీటరు కొలిచేది నీళ్ల వేడిని. నీళ్లు కారిపోయి సెన్సర్ ఆవిరిలో మిగిలితే ముల్లు తక్కువ వేడిని చూపించవచ్చు. ముల్లును నమ్మి నడిపినవాడి ఇంజను సీజ్ అవుతుంది.

జీపు మన పల్లెలకు ఎలా చేరిందో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 1947లో మహీంద్రా కంపెనీ అమెరికాలోని విల్లీస్ సంస్థ నుంచి 75 బండ్లను విడిభాగాలుగా తెప్పించింది. 1949లో బొంబాయి మజ్‌గావ్‌లో బిగింపు మొదలైంది. 1952 అక్టోబరు 2న మొదలైన సమాజ వికాస పథకం బ్లాకు అధికారులకు జీపు అందించింది. కరువు పనుల లెక్క చూడడానికి వచ్చినా, కొత్త విత్తనాల గురించి చెప్పడానికి వచ్చినా చాలా ఊళ్లలో ప్రభుత్వం అంటే ఆ జీపే. తర్వాత ప్యూజో డీజిలు ఇంజనుతో ఎంఎం 540, పొడుగు బాడీ కమాండర్ లాంటివి వచ్చాయి. చెనక్కాయ బస్తాలూ పెండ్లి జనాలూ వాటిల్లోనే తిరిగాయి. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడి నల్లమాడ అందులోకి చేరింది, అయినా ఆ పాత బండ్లు ఈ రోడ్ల మీద ఇంకా కనబడుతూనే ఉన్నాయి.

తొలి జీపుల కాలంలో పైపు రబ్బరుకు గాలిలోని ఓజోన్ పెద్ద శత్రువు. సహజ రబ్బరు అణువుల గొలుసులోనే జంట బంధాలుంటాయి. ఓజోన్ వాటిని పట్టుకుని తెంపుతుంది, పైన బీటలు పడతాయి. 1930లోనే డ్యూపాంట్ కంపెనీలో వాలెస్ కరోథర్స్ బృందం ఓజోన్‌ను మెరుగ్గా తట్టుకునే నియోప్రీన్ రబ్బరు చేసింది. ఆ తర్వాత జీగ్లర్, నట్టా కనిపెట్టిన ఉత్ప్రేరకాలతో 1960ల్లో ఈపీడీఎం రబ్బరు వచ్చింది. ఈ ఇద్దరికీ 1963లో నోబెల్ ఇచ్చారు. ఈపీడీఎంలో జంట బంధాలు గొలుసులో కాకుండా పక్క కొమ్మల్లో ఉంటాయి కాబట్టి ఎండా ఓజోనూ దాని వెన్ను విరచలేవు. నూనె మాత్రం దానికి పడదు. ఇంజను ఆయిల్ కారి పడిన చోట ఉబ్బి మెత్తబడుతుంది. పైపు సులువుగా దూరుతుందని గ్రీజు రాసేవాళ్లు పైపుకు చేసేది కీడే.

రబ్బరు ఇలా మెరుగుపడడంతో పైపు చావు బయట నుంచి లోపలికి మారింది. రబ్బరును గట్టిపరచడానికి కలిపే మసి కరెంటును కొంచెం మోస్తుంది. ఒక వైపు ఇనుప ఇంజను, ఇంకో వైపు ఇత్తడి లేదా అల్యూమినియం రేడియేటర్, మధ్యలో ఉప్పున్న నీళ్లు. ఇది చిన్న బ్యాటరీ. ఆ సన్న కరెంటు పైపు కొసల దగ్గర లోపలి పొరలో వెంట్రుకవాసి చీలికలు పెడుతుంది. నీళ్లు ఆ చీలికల గుండా లోపలి దారాల అల్లికను చేరి దాన్ని బలహీనపరుస్తాయి. పైపుల కంపెనీ గేట్స్ ఇంజనీర్లు ఈపీడీఎం పైపులు పోవడానికి ఇదే ముఖ్య కారణమని తేల్చారు. మన దగ్గర దీనికి కావలసినవన్నీ ఉన్నాయి. వందల అడుగుల లోతు రాతి పొరల నుంచి వచ్చే బోరు నీళ్లు కఠినం, లవణాలు ఎక్కువ. ఫ్లోరైడ్‌కు ఈ ప్రాంతం పేరుపడిందే. ఆ లవణాలు కరెంటుకు దారి ఇస్తాయి, పైగా రేడియేటర్ గొట్టాల్లో తెల్లటి పెచ్చు కట్టి వేడి బయటికి పోకుండా చేస్తాయి. వేడి పది డిగ్రీలు పెరిగితే రబ్బరు ముసలితనం దాదాపు రెండింతల వేగంతో వస్తుందన్నది మోటు లెక్కే అయినా పనికొచ్చే లెక్క.

"బయటికి బాగానే ఉండాది గదన్నా, ఎందుకు మార్చల్ల?" అని అడిగిన ఓనరుకు మెకానిక్కు చెప్పిన మాట ఇది. "బయట చూసి ఏం లాభం సామీ. కొసకాడ నొక్కి చూడు, నడుమ గాదు." ఇంజను చల్లారాక క్లిప్పుకు రెండు వేళ్ల దూరంలో బొటనవేలితో నొక్కి, తర్వాత నడుమ నొక్కి చూస్తే తేడా చేతికే తెలుస్తుంది. చెడిన కొస మెత్తగా ఉంటుంది, లోపల ఏదో చీలినట్టు తగులుతుంది. అలాంటి పైపును బ్లేడుతో నిలువునా కోసి తెరిస్తే కొసల్లో గీతలు గీసినట్టు పొడుగు చీలికలు, వాటి మధ్య నానిన దారాలు కనబడతాయి. నడుమ భాగం మాత్రం కొత్తదానిలా నునుపుగా ఉంటుంది. బయట పగుళ్లు లేవని ధైర్యపడడం ఎందుకు తప్పో అది చూస్తే ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

హీటరు పైపుల సంగతి ఇంకా విచిత్రం. ఈ ఎండల్లో హీటరు ఎవరు వేస్తారు? హీటరున్న బండి కొన్నా దాని వాల్వు ఏళ్ల తరబడి మూసే ఉంటుంది. కానీ వాల్వు మూసినా అక్కడిదాకా వచ్చే పైపులో నీళ్లూ ఒత్తిడీ ఉంటాయి. కదలని నీళ్లలో మడ్డి చేరుతుంది. వాడని వస్తువు కదా అని దాన్ని చూసేవాళ్లు లేరు, అది మాత్రం మిగతా పైపులతో పాటే వయసు మీరుతుంది. రేడియేటర్ పై పైపు, నీళ్లను రేడియేటర్‌కు పోనీకుండా ఇంజనులోనే తిప్పే బైపాస్ పైపు, హీటరు పైపులు ఈ మూడూ ముందు పోయే జాతి. మార్చితే అన్నీ ఒకసారి మార్చాలి. హీటరు అక్కర్లేదనుకుంటే ఇంజను మీద హీటరు పైపులు తగిలే రెండు మూతులకూ మంచి పైపు ముక్కతో లూప్ కట్టవచ్చు. నేనైతే హీటరు ఉంచమనే అంటాను. ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజను వేడెక్కితే హీటరు తెరవడం చిన్న రేడియేటర్ ఒకటి అదనంగా చేర్చినట్టే.

పని చేసేటప్పుడు తొందర పనికిరాదు. చల్లారకముందు మూత తీస్తే 100 డిగ్రీలు దాటిన నీళ్లు ఆవిరై ముఖానికి కొడతాయి. పాత పైపును మెలిపెట్టి లాగకూడదు, ఇత్తడి రేడియేటర్ మూతి టంకం ఊడుతుంది. నిలువునా కోసి ఒలవాలి. మూతి మీద తుప్పూ పెచ్చూ గీకి నునుపు చేయాలి. కొత్త పైపుకు సబ్బు నీళ్లు రాస్తే చాలు. కింది పైపు గుండా పంపు నీళ్లను పీల్చుకుంటుంది కాబట్టి అది లోపలికి అణగకుండా చాలా బండ్లలో స్ప్రింగు ఉంటుంది. పాతదాంట్లో స్ప్రింగుంటే కొత్తదాంట్లోనూ ఉండాలి. పాత పైపును కదిరి అంగడికి పట్టుకుపోయి వంపుకు వంపు కలిపి చూసుకోవాలి. పైపు కంపెనీలో రబ్బరును వంచిన ఇనుప అచ్చు మీద ఎక్కించి ఆవిరిలో ఉడికిస్తారు, ఆ వంపు అక్కడే పుడుతుంది. నేరు పైపును బలవంతంగా వంచితే మడత పడి దారి మూసుకుంటుంది.

తిప్పి బిగించే క్లిప్పు 1921లో బ్రిటిష్ నావికాదళ మాజీ అధికారి లమ్లీ రాబిన్సన్ తయారు చేసినది. మూతి మీది గట్టుకు లోపలి వైపున దాన్ని కూర్చోబెట్టాలి. రబ్బరులోకి కోసుకుపోయేలా బిగించవద్దు. నీళ్లకు బదులు కూలెంట్, అందులో కలపడానికి బ్యాటరీ వాటర్ వాడాలి. దారిలో బోరు నీళ్లే దిక్కయితే పోసుకోండి, ఇంటికి వచ్చాక కడిగి మార్చండి. హీటరు వాల్వు తెరిచి నెమ్మదిగా పోస్తే గాలి బుడగ చిక్కుకోదు. ఇంజను బాగా వేడెక్కి చల్లారాక రబ్బరు కొంచెం అణుగుతుంది, అప్పుడు క్లిప్పులు మరోసారి చూడాలి. పైపు వయసు లెక్క మీటరు మీద ఉండదు, కాబట్టి బిగించిన నెలా సంవత్సరమూ బానెట్ లోపల పెయింటుతో రాసి పెట్టుకుంటే నాలుగైదేళ్లకు మళ్లీ ఎవరినీ అడగక్కర్లేదు.