డిగ్రీ మొదటి ఏడాది: ఫీజు కట్టాక ఏం జరుగుతోంది?

దాతలు మమ్మల్ని తరచూ అడుగుతుంటారు: "ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలే డిగ్రీ మొదటి సెమిస్టర్‌లో ఎందుకు తప్పుతున్నారు? ఫీజు కడుతున్నాం కదా!"

ఫీజుతో సీటు నిలుస్తుంది, అంతవరకే. అనకాపల్లిలో మన పిల్లల్లో చాలామందికి ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు. తెలుగు మీడియంలో ఇంటర్ ముగించి డిగ్రీలో చేరితే పాఠాలు ఇంగ్లీషులో ఉంటాయి. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే. విషయం తెలిసి కూడా, ప్రశ్నలో ఏమడిగారో అర్థంకాక తప్పేవాళ్లున్నారు. పైగా ఇంటర్‌లోలా ఏడాది చివర చదువుకోవచ్చులే అంటే కుదరదు. దసరా తర్వాత పుస్తకం తీసేసరికి ఇంటర్నల్ మార్కులు కొన్ని పోయే ఉంటాయి. విశాఖ వెళ్లి చదివేవాళ్లకు రైలో బస్సో, రానుపోను 60 కిలోమీటర్ల పైమాటే. ఇంటికొచ్చాక అబ్బాయి దుకాణంలో కూర్చోవాలి, అమ్మాయి వంటింట్లోకి వెళ్లాలి. (మన ఇళ్లలోనూ అంతే, నొచ్చుకోకండి.)

1970వ దశకంలో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో యూరీ ట్రైస్‌మన్ అనే లెక్కల బోధకుడికి ఇలాంటి ప్రశ్నే ఎదురైంది. మొదటి ఏడాది కాల్‌క్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు ఎక్కువగా తప్పుతున్నారు. శ్రద్ధ లేదని, ఇళ్లలో చదువు వాతావరణం లేదని తోటి అధ్యాపకులు అనుకున్నారు. ఆయన నల్లజాతి విద్యార్థులు 20 మందిని, చైనా సంతతివారు 20 మందిని దగ్గరుండి గమనించారు. మొదటివాళ్లూ గంటలకొద్దీ చదువుతున్నారు, కాకపోతే ఒంటరిగా. రెండోవాళ్లు కలిసి కూర్చుని ఒకరి తప్పు ఒకరు దిద్దుకుంటున్నారు. ఆయన ట్యూషన్ పెట్టలేదు. కష్టమైన లెక్కలిచ్చి గుంపులుగా కూర్చోబెట్టారు. ఫలితాలు బాగా మెరుగుపడ్డాయి.

అందుకే మేము ఫీజుతోపాటు ఒక గది అడుగుతున్నాం. అసర్ నుంచి ఇషా వరకు తెరిచి ఉండాలి, అమ్మాయిలకు విడిగా చోటుండాలి, డిగ్రీ ముగించిన ఒకరిద్దరు సీనియర్లు ఉండాలి. ఇక్కడొక చిక్కుంది. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం జకాత్ సొమ్ము పేదవాడి చేతికే అందాలి కనుక, అది పుస్తకాలకు, ఫీజుకు విద్యార్థికి ఇవ్వవచ్చు గాని గది అద్దెకు, కరెంటు బిల్లుకు వాడకూడదు. వాటికి సదకా, లిల్లాహ్ సొమ్మే కావాలి. రంజాన్‌లో ఇచ్చేటప్పుడు ఏది దేనికో రసీదు మీద రాయించండి. మీ పిల్లలు చదివేసిన డిగ్రీ పుస్తకాలు, ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులు ఉంటే కాలేజీలు తెరిచేలోపే పంపండి. సెమిస్టర్ సగమయ్యాక వచ్చిన పుస్తకం ఆ ఏటి పిల్లవాడికి అక్కరకు రాదు.