కెమెరా ఉన్న బర్డ్ ఫీడర్ కొంటున్నారా? అంతర్వేది లాంటి ఊళ్లో ముందు చూడాల్సింది మెగాపిక్సెల్స్ కాదు!

పిచ్చుక వచ్చి గింజ అందుకుంటుంది. వెంటనే ఫోన్‌కి నోటిఫికేషన్, దాంతోపాటే వీడియో. రీల్స్‌లో ఇలాంటివి చూస్తే ఎవరికైనా కెమెరా ఉన్న బర్డ్ ఫీడర్ ఒకటి కొనాలనిపిస్తుంది. కానీ బర్డ్ బడ్డీ, బర్డ్‌ఫీ లాంటి పేరున్న మోడల్స్ ప్రధానంగా అమెరికా, యూరప్ పెరటి తోటల్ని దృష్టిలో పెట్టుకుని వచ్చినవి. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేదిలో, ఉప్పుగాలికి, కొబ్బరి చెట్ల నీడలో అదే పెట్టె తగిలిస్తే ఎలా ఉంటుంది? వేలు పోసే ముందు ఇవి తెలుసుకోండి.

ముందు ధాన్యపు కుచ్చు కట్టండి

పిట్టలకు మేత పెట్టడం గోదావరి జిల్లాలకు కొత్తేం కాదు. వరి కంకులతో అల్లిన కుచ్చులు గుళ్లలో, ఇంటి చూరుకు వేలాడదీయడం పాత అలవాటే. కెమెరా కొనే ముందు చేయాల్సిన టెస్ట్ కూడా అదే. ఒక కుచ్చు కట్టి రెండు వారాలు చూడండి. పిచ్చుకలు, గువ్వలు, రామచిలుకలు వస్తుంటే ఫీడర్ పెట్టినా వస్తాయి. అసలేవీ రాకపోతే కెమెరా ఎంత ఖరీదైనదైనా ఖాళీ పళ్లేన్నే చూపిస్తుంది.

ఇంకో విషయం. లకుముకి పిట్ట, కొంగ, కరెంటు తీగల మీద కూర్చునే ఏట్రింత గింజలు తినవు. వాటి వీడియోలు కావాలంటే ఫీడర్ పనికిరాదు. పిగిలిపిట్టకైతే అరటిపండు, బొప్పాయి ముక్క పెట్టాలి. రామచిలుకలు ఎక్కువగా వచ్చే చోట పలచటి ప్లాస్టిక్ అస్సలు వద్దు, వాటి ముక్కుకు అది ఆగదు.

అసలు పరీక్ష ఉప్పుగాలిదే

తీరం పక్కన మామూలు ఇనుప స్క్రూలు, హుక్కులు త్వరగా తుప్పు పడతాయి. స్టెయిన్‌లెస్ స్టీల్ ఉందో లేదో అడగండి. ఐపీ65 రేటింగ్ అంటే దుమ్ము లోపలికి పోదు, నీటి జల్లుకు తట్టుకుంటుంది అని అర్థం. తుపాను గాలికి నిలబడుతుందని కాదు. తుపాను హెచ్చరిక వస్తే విప్పి లోపల పెట్టేసుకోవాలి, అందుకే సులువుగా ఊడొచ్చే మోడల్ మేలు. లెన్స్ మీద ఉప్పు పొర కడుతుంది. మెత్తటి తడిబట్టతో తుడుస్తూ ఉండకపోతే 4కే వీడియో కూడా మసకే.

అన్నిటికన్నా ముఖ్యమైంది పళ్లెం. చాలా కెమెరా ఫీడర్లలో లెన్స్ ముందు బల్లపరుపు పళ్లెం ఉంటుంది. గింజలు, రెట్టలు, వాన నీళ్లు అన్నీ అక్కడే కలుస్తాయి. బూజు పడుతుంది, జబ్బులు పాకుతాయి. బ్రిటన్‌లో 2005లో మొదలైన ట్రైకోమోనోసిస్ అనే జబ్బు గ్రీన్‌ఫించ్ పిట్టల సంఖ్యను దారుణంగా తగ్గించేసింది. అది ఫీడర్ల దగ్గర సులువుగా వ్యాపిస్తుంది. కాబట్టి అడుగున నీళ్లు పోయే రంధ్రాలు ఉండాలి, పళ్లెం విడిగా ఊడి రావాలి. వారానికోసారి కడిగి, పూర్తిగా ఆరాకే గింజలు వేయాలి. ఆ ఓపిక లేకపోతే కొనకపోవడమే పిట్టలకు మేలు.

సోలార్, వైఫై సంగతేంటి?

కొబ్బరి తోటలో సోలార్ ప్యానెల్ ఫీడర్‌కే అతికి ఉంటే చార్జింగ్ సరిగా ఎక్కదు. పొడవాటి వైరుతో ప్యానెల్‌ను డాబా మీద ఎండలో పెట్టుకునే వీలుండాలి. ఫీడర్‌ను ఆకులు ఊగే చోట తగిలించొద్దు. ప్రతి ఊపుకీ కెమెరా పిట్ట అనుకుని రికార్డు చేస్తే సాయంత్రానికి బ్యాటరీ ఖాళీ.

ఇలాంటి వాటిలో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కనెక్ట్ అవుతాయి. ఫోన్ హాట్‌స్పాట్ వాడితే ఆ బ్యాండ్‌కు మార్చుకోవాలి. మెమరీ కార్డ్ స్లాట్ ఉంటే నెట్ పోయినా వీడియో పోదు. అది లేని మోడల్‌లో పాత వీడియోల కోసం నెలనెలా చందా కట్టాల్సి రావచ్చు. పిట్ట పేరు చెప్పే ఏఐ కోసమే చందా కడుతున్నారా? అవసరం లేదు. కార్నెల్ ల్యాబ్ వారి మెర్లిన్ యాప్ ఉచితం. అందులో భారత పక్షుల ప్యాక్ ఉంది, ఫొటో ఇస్తే పేరు చెబుతుంది.

ఇంట్లో ఉన్న సీసీ కెమెరానే వాడేద్దామనుకునేవాళ్లు ఒకటి గమనించాలి. వాటి ఫోకస్ దూరానికి సెట్ చేసి ఉంటుంది, జానెడు దూరంలో ఉన్న పిట్ట మసగ్గా వస్తుంది. ఒకటి రెండు మీటర్ల దూరంలో పెట్టి చూడండి. ఏ కెమెరా అయినా పక్కింటి పెరడు, నూతి గట్టు ఫ్రేమ్‌లో పడకుండా తిప్పి పెట్టాలి. లేదంటే పిట్టల కన్నా ముందు గొడవ వస్తుంది.

మేతగా వడ్లు, నూకలు, కొర్రలు చాలు. ఉప్పు కలిసిన అన్నం, జంతికలు వద్దు. విత్తనానికని మందు పట్టించిన వడ్లు మిగిలాయి కదా అని ఫీడర్‌లో మాత్రం పోయకండి, ఆ మందు పిట్టలకు విషం.