ఉంగరంలో పగడం వేరు.. ఉమ్లుజ్‌ పగడం వేరు

హాయిల్‌ చుట్టూ ఇసుక, గ్రానైటు కొండలే. సముద్రం మాటెత్తితే ఇక్కడి మన పిల్లలకు గుర్తొచ్చేది సెలవుల్లో చూసిన విశాఖ బీచే. అయినా ఈద్‌కు నాలుగు రోజులు కలిసొస్తే చాలు, రెండు మూడు కుటుంబాలు పులిహోర, పెరుగన్నం కట్టుకుని ఎర్ర సముద్రం దారి పడతాయి. అల్‌ ఉలా మీదుగా ఉమ్లుజ్‌కు వెళ్తే, పొద్దున్నే బయల్దేరినవాళ్లు ఒడ్డు చేరేసరికి సాయంత్రమవుతుంది.

కిందటిసారి అలా వెళ్లినప్పుడు ఒక చిన్న పంచాయితీ వచ్చింది. ఎనిమిదో తరగతి చదివే మా మిత్రుడి కూతురు ఒడ్డున తెల్లటి కొమ్మ ఒకటి ఏరుకొచ్చింది. "అంకుల్‌, ఇది పగడమే కదా? మరి అమ్మమ్మ ఉంగరంలోది ఎర్రగా ఎందుకుంటుంది?" అని అడిగింది. నేను జవాబు వెతుక్కునేలోపే వాళ్లమ్మ దాన్ని టవల్లో చుట్టేసింది, ఊరెళ్లినప్పుడు షోకేసులో పెట్టడానికి.

పాప ప్రశ్న చిన్నదేమీ కాదు. నవరత్నాల్లో చెప్పే పగడం, మంగళసూత్రాల పక్కన గుచ్చుకునే పగడం ఎక్కువగా మధ్యధరా సముద్రంలో దొరికే ఎర్ర పగడం. దాని పాలిప్‌లకు, అంటే పువ్వులా విచ్చుకునే ఆ చిన్న జీవులకు, ఎనిమిదేసి చేతులుంటాయి. అది దిబ్బలు కట్టదు. ఎర్ర సముద్రంలో దిబ్బలు కట్టేది రాతి పగడం. దాని చేతులు ఆరు, పన్నెండు, ఇరవై నాలుగు, ఇలా ఆరు లెక్కన ఉంటాయి. ఒంట్లో సూక్ష్మమైన శైవలాలను పెట్టుకుని, అవి ఎండలో తయారుచేసే ఆహారం తింటూ, కింద సున్నపు గిన్నె కట్టుకుంటూ పోతుంది. మనం చూసే రాయి అలాంటి వేల గిన్నెల కాలనీ. ఒడ్డున దొరికే తెల్లటి ముక్క, జీవి పోయాక మిగిలిన ఇల్లు.

మన కోస్తాలో ఇవి పెద్ద దిబ్బలుగా ఎందుకు లేవని కూడా ఆ పాపే అడిగింది. గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రు, మంచినీళ్లు వీటికి గిట్టవు. ఎర్ర సముద్రంలో కలిసే పెద్ద నది ఒక్కటీ లేదు, నీళ్లు అద్దంలా ఉంటాయి. 300కు పైగా రాతి పగడాల జాతులు ఇక్కడున్నాయి.

ఇక పోల్చుకోవడం ఎలా? ముందుగా రంగును నమ్మకండి. ఒకే జాతి ఒకచోట గోధుమరంగులో, పక్కనే ఆకుపచ్చగా, ఇంకోచోట ఊదాగా కనిపిస్తుంది. ఆకారాన్ని కూడా సగమే నమ్మాలి. అలల తాకిడి ఉన్నచోట పొట్టిగా, దట్టంగా పెరిగేది లోతులో సన్నగా సాగుతుంది. చూడాల్సింది గిన్నెల్ని. అవి ఎంతున్నాయి, ఒకదాని గోడ ఇంకోదానికి అంటుకుందా, లోపలి నిలువు పలకలు ఎలా ఉన్నాయి? జంతికల గొట్టంలో నక్షత్రం బిళ్ల పెడతాం చూడండి, ఆ రంధ్రంలా ఉంటాయి ఈ గిన్నెలు.

కొమ్మలున్నవాటితో మొదలుపెడితే తేలిక. దుప్పి కొమ్ములా చీలి, ప్రతి కొమ్మ చివరా ఒక్కటే పెద్ద గిన్నె, చుట్టూ చిన్న గొట్టాలు ఉంటే అది అక్రోపోరా. కొమ్మంతా కాకరకాయలా బుడిపెలు తేలి, ఆ బుడిపెల మీద కూడా గిన్నెలుంటే పోసిల్లోపోరా. బుడిపెలు లేకుండా మొద్దు వేళ్లలా ఉంటే స్టైలోఫోరా అనుకోవచ్చు. ఈ మూడూ పట్టుబడితే దిబ్బ మీద సగం కొమ్మల పేర్లు వచ్చేసినట్టే.

గుండ్రాళ్ల దగ్గరే తికమకంతా. పైన నున్నగా, గిన్నెలు మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర మించకుండా ఉంటే పోరైటిస్‌. ఇది ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే రెండు మీటర్ల ఎత్తు బండ దాదాపు రెండు వందల ఏళ్లది. దాన్ని కోసి ఎక్స్‌రే తీస్తే చెట్టు మానులో వలయాల్లా ఏటేటి గీతలు కనిపిస్తాయి. ఆనాటి సముద్రం వేడిని శాస్త్రవేత్తలు వాటిలోంచే లెక్కకడతారు. పడవ లంగరు అలాంటి బండ మీద పడిన చప్పుడు నేనొకసారి విన్నాను, ఇప్పటికీ మరచిపోలేదు.

మెదడు మడతల్లా గిన్నెలు కలిసిపోయి లోయలుగా సాగితే ప్లాటీగైరా. తేనెపట్టులా ఉంటే మాత్రం ఆగి చూడాలి. పక్కపక్క గిన్నెలకు ఒకటే గోడ అయితే ఫేవైటిస్‌, ఎవరి గోడ వారిదై మధ్యలో సన్నటి సందు ఉంటే డిప్సాస్ట్రియా. మన ఊళ్లో ఉమ్మడి గోడ ఇళ్లకూ, సందు వదిలి కట్టిన ఇళ్లకూ ఉన్న తేడాయే. పాత పుస్తకాల్లో ఈ రెండోదాన్ని ఫేవియా అని రాశారు. జన్యువులు చూశాక ఈ ప్రాంతం వాటికి పేరు మార్చారు.

ఆ పేర్ల వెనక కథ ఇక్కడిదే. 1761లో డెన్మార్క్‌ రాజు అరేబియాకు పంపిన బృందంలో పేటర్‌ ఫోర్స్కోల్‌ అనే యువ శాస్త్రవేత్త ఉన్నాడు. 1762లో జిద్దా తీరానికి వచ్చి, మరుసటి ఏడాది యెమెన్‌లో మలేరియాతో చనిపోయాడు. బృందంలో ప్రాణాలతో తిరిగెళ్లింది కార్‌స్టెన్‌ నీబూర్‌ ఒక్కడే. ఫోర్స్కోల్‌ రాతప్రతుల్ని ఆయన 1775లో అచ్చువేయించాడు. డిప్సాస్ట్రియా ఫేవస్‌ అందులోని జాతే. ఫేవస్‌ అంటే లాటిన్‌లో తేనెపట్టే!

గట్టిగా ఉన్నదల్లా రాతి పగడం కాదు, ఇది పిల్లలకు ముందే చెప్పాలి. ఆవపిండి రంగులో నున్నగా, చివర్లు తెల్లగా, గిన్నెలు లేకుండా సూదిబెజ్జాలు మాత్రమే ఉంటే అది మిల్లెపోరా, నిప్పు పగడం. జెల్లీ చేపలకు దగ్గరి చుట్టం. తగిలితే వాత పెట్టినట్టు మండుతుంది. ఎర్రటి సన్నగొట్టాలు పేర్చినట్టుండే ట్యూబిపోరా కూడా ఎనిమిది చేతుల వర్గానిదే.

నీళ్లలోకి దిగని పెద్దవాళ్లకూ ఒక దారుంది. ఉమ్రాకు వచ్చినవాళ్లు జిద్దా బలద్‌కు వెళ్తే, 2014లో యునెస్కో జాబితాకెక్కిన ఆ పాత ఇళ్ల గోడలు దగ్గరగా చూడండి. సముద్రంలోంచి తెచ్చిన పగడపు రాయితో కట్టారు వాటిని. గచ్చు రాలినచోట గిన్నెలు స్పష్టంగా కనిపిస్తాయి.

ఇక టవల్లో ఉన్న ముక్క సంగతి. సౌదీలో పగడాలు విరగ్గొట్టడం, తీసుకెళ్లడం నిషేధం. మన దేశంలో రాతి పగడాలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. దేశాలు దాటించాలంటే అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం అనుమతి పత్రాలు కావాలి. చచ్చిన ముక్కే కదా అంటే హైదరాబాద్‌ విమానాశ్రయంలో చెల్లదు. ఇదంతా చెబితే వాళ్లమ్మ ముఖం చిన్నబోయింది. "ఒడ్డున పడున్నదే కదా అన్నయ్యా, మేం విరిచామా?" అంది. ఆ మాటలోనూ న్యాయం ఉంది. కానీ ఒడ్డున ఏరిందో నీళ్లలో విరిచిందో ముక్కను చూసి ఎవరు చెప్పగలరు?

నీళ్లు వేడెక్కితే పగడం తన శైవలాలను వదిలేసి తెల్లబోతుంది. వేడి వారాల తరబడి తగ్గకపోతే చనిపోతుంది. ప్రపంచవ్యాప్తంగా ఇలా తెల్లబోవడం ఇది నాలుగోసారని 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రకటించారు, ఎర్ర సముద్రాన్నీ అందులో చేర్చారు. ఉత్తర భాగంలోని పగడాలు వేడికి కాస్త ఎక్కువ తట్టుకుంటాయని పేరు. దక్షిణాన అంత ధీమా లేదు.

చివరికి పాప ఫోన్‌ కెమెరాను దగ్గరగా పెట్టి ఆ కొమ్మను నాలుగు వైపులా ఫొటోలు తీసింది. కొన మీద ఒకటే గిన్నె. "అక్రోపోరా!" అని అరిచి, తనే వెళ్లి ఏరినచోటే వదిలేసి వచ్చింది. హాయిల్‌ చేరేలోపు నోటుపుస్తకంలో ఆరు పేర్లు రాసుకుంది, వాటిలో రెండింటికి ప్రశ్నార్థకాలు పెట్టుకుంది. పుట్టగొడుగును తలకిందులు చేసినట్టుండి, దేనికీ అతుక్కోకుండా ఇసుకలో విడిగా పడుండే ఫంజియా మాత్రం దొరకలేదట. వచ్చే ఈద్‌కు దానికోసం మళ్లీ వెళ్లాలని ఇప్పటినుంచే వాళ్ల నాన్నను పోరుతోంది.